కాపెల్లానా, సిములింకా, ఓపెన్‌మోడెలికానా: సంక్లిష్ట వ్యవస్థకు మోడలింగ్ టూల్ ఎంచుకోవడం

ఒక విద్యుత్ బస్సు తిరుమల కొండ మీద బ్యాటరీ నిండా చార్జింగ్ పెట్టుకుని అలిపిరి వైపు దిగుతోందనుకుందాం. దిగుతున్నంతసేపూ మోటారు జనరేటర్‌లా పనిచేసి కరెంటును వెనక్కి తోస్తుంది. బండి వేగం అదుపులో ఉండటంలో పెద్ద వాటా దానిదే. నిండిన బ్యాటరీ మాత్రం ఆ కరెంటును తీసుకోలేదు. దాంతో భారమంతా మామూలు బ్రేకుల మీద పడి, అవి వేడెక్కడం మొదలవుతుంది. బ్యాటరీ చేసినవాళ్ల లెక్క సరిగ్గానే ఉంది, మోటారు కంట్రోలర్ వాళ్లదీ సరే, బ్రేకుల వాళ్లదీ సరే. ఎవరి డ్రాయింగ్ విడిగా తీసి చూసినా తప్పు దొరకదు, అది ముగ్గురి పనీ కలిసేచోట దాక్కుంది.

మోడల్ ఆధారిత ఇంజినీరింగ్ పుట్టింది ఇలాంటి కలిసేచోట్ల కోసమే. వ్యవస్థ వివరాలు వర్డ్ ఫైళ్లలో, ఎక్సెల్ షీట్లలో, నలుగురి బుర్రల్లో చెదిరిపోకుండా కంప్యూటర్ చదివి తనిఖీ చేయగల మోడల్‌లో పెడతారు. లెక్కలు, పరీక్షలు, వీలైనచోట కోడ్ కూడా దాన్నుంచే రాబడతారు. కరకంబాడి, రేణిగుంట, శ్రీసిటీ వైపు బ్యాటరీలు, ఎలక్ట్రానిక్స్, వాహనాల పని చేసే టీములకూ, ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు టీములకూ మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ టూల్ పట్టుకోవాలన్నదే. మా సలహా సూటిగా చెబుతాం. ముందు మీ పనిని ఆపేయగల ప్రశ్నలు రాసుకోండి. ఆ ప్రశ్నలకు జవాబు లెక్కగట్టి ఇచ్చే టూలే మీకు కావాలి. అందమైన బాక్సులు గీసి ఊరుకునే టూల్‌కు లైసెన్సు కట్టొద్దు.

ఒకే బస్సు, మూడు రకాల ప్రశ్నలు

మొదటి ప్రశ్న శక్తి గురించి. బండి బరువు 15 టన్నులు, ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు అనుకుంటే దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి 28.6 కిలోవాట్ అవర్లు. 18 కిలోమీటర్ల రోడ్డు మీద టైర్ల రాపిడికి, గుణకం 0.008 వేసుకుంటే, దాదాపు 6 పోతాయి. మిగిలిన 22.7లో గేర్లు, మోటారు, ఇన్వర్టర్ నష్టాలు తీసేసి 80 శాతం బ్యాటరీకి చేరిందనుకుంటే 18 కిలోవాట్ అవర్లు. బ్యాటరీ సామర్థ్యం 200 కిలోవాట్ అవర్లయితే ఇది 9 శాతం. అంటే పైన ఉన్న చార్జర్ 90 శాతం దగ్గరే ఆగాలి. ఇంతవరకు ఎక్సెల్ చాలు. కానీ 40 నిమిషాల్లో దిగితే సగటున 34 కిలోవాట్లు ఉండే శక్తి, మలుపు ముందు 5 సెకన్లలో 40 నుంచి 20 కిలోమీటర్లకు వేగం తగ్గించినప్పుడు ఒక్కసారిగా 139 కిలోవాట్లు దాటుతుంది. అప్పటికే ఎండలో ఎక్కివచ్చి వేడెక్కిన సెల్స్ చార్జింగ్ పరిమితిని తగ్గించి ఉంటే ఏమవుతుంది? ఇక్కడ కాలంతోపాటు మారే మోడల్ కావాలి.

రెండోది ప్రీచార్జ్. 3.2 వోల్టుల సెల్స్ 180 వరుసగా కలిపితే 576 వోల్టులు. ఇన్వర్టర్‌లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది, దాన్ని నేరుగా కలిపితే కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపే స్విచ్) మొనలు అతుక్కుపోతాయి కాబట్టి ముందు 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా నింపుతారు. టైమ్ కాన్‌స్టంట్ 0.1 సెకను. 0.3 సెకన్లలో 95 శాతానికి చేరాలి, చేరాక మెయిన్ కాంటాక్టర్ మూసుకోవాలి. కాగితం మీద అంతా బాగుంది. అదే సమయంలో 332 ఓమ్‌లకు సమానమైన లోడ్, అంటే ఆ వోల్టేజి దగ్గర 1 కిలోవాట్ లాగే ఏసీ కంప్రెసర్ లాంటిది, ఆన్‌లో ఉండిపోతే? వోల్టేజి 77 శాతం దగ్గర ఆగిపోతుంది. 95 శాతం ఎప్పటికీ రాదు. రెసిస్టర్ మీద 178 వాట్లు అలాగే మండుతుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌అవుట్ పెట్టి ఉండకపోతే రెసిస్టర్ కాలిపోతుంది, టైమ్‌అవుట్ తర్వాత వెంటనే మళ్లీ ప్రయత్నించమని రాసి ఉంటే కాస్త ఆలస్యంగా కాలిపోతుంది. సర్క్యూట్‌నూ, ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఎప్పుడు మారాలో చెప్పే స్టేట్ మెషీన్‌నూ కలిపి నడిపితే తప్ప ఈ లోపం బయటపడదు.

మూడోది సమయం. సెల్ వోల్టేజి ప్రతి 100 మిల్లీసెకన్లకు కొలుస్తున్నారు, బ్యాటరీ కంట్రోలర్ 50 తీసుకుంటుంది, కంట్రోలర్ల మధ్య నడిచే క్యాన్ నెట్‌వర్క్ సందేశం 100కు ఒకసారి పోతుంది, వాహన కంట్రోలర్ 20, ఇన్వర్టర్ 10. అన్నీ చెడ్డగా కలిసొస్తే 280 మిల్లీసెకన్లు. ఓవర్‌వోల్టేజి మొదలైన 200 మిల్లీసెకన్లకే కాంటాక్టర్ తెరుచుకునేలా సెట్ చేసి ఉంటే, చార్జింగ్ తగ్గించమన్న మాట ఇన్వర్టర్‌కు చేరేలోపే బ్యాటరీ తెగిపోతుంది. వాలులో ఉన్న బండికి మోటారు బ్రేకింగ్ హఠాత్తుగా మాయమవుతుంది.

ఒకే బండి గురించిన ఈ మూడు ప్రశ్నలకూ జవాబిచ్చే టూళ్లు వేర్వేరు. ఒక్క టూల్‌తో అన్నీ అయిపోతాయని ఎవరైనా అమ్మజూపితే ఈ మూడింటినీ ముందుంచి చేసి చూపించమనండి.

నిర్మాణానికి: కాపెల్లా, సిస్‌ఎంఎల్

ఏ భాగం ఏ పని చేస్తుంది, ఎవరు ఎవరికి ఏ సమాచారం ఇస్తారు, ఏ అవసరం ఏ భాగం నెత్తిన ఉంది అన్నవి నిర్మాణ ప్రశ్నలు. కాపెల్లా ఉచితం, ఓపెన్ సోర్స్. థేల్స్ తన సొంత ప్రాజెక్టుల కోసం తయారుచేసి తర్వాత బయటికి ఇచ్చింది. దీని అసలు బలం ఆర్కేడియా అనే పద్ధతి. వాడేవాళ్ల అవసరం, వ్యవస్థ చేయాల్సిన పని, తార్కిక భాగాలు, భౌతిక భాగాలు అని అంతస్తులవారీగా నడిపిస్తుంది. ఒక అంతస్తులోని ఫంక్షన్లను కిందికి దింపితే లింకులు అదే వేస్తుంది. ఏ భాగానికీ అప్పగించని ఫంక్షన్లను, పైఅంతస్తుతో లింకు తెగినవాటిని తనిఖీ నియమాలు పట్టి చూపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టే టీముకు ఈ చేయిపట్టి నడిపించడం చాలా విలువైనది.

కాపెల్లా చేయనిదేమిటో కూడా తెలిసి ఉండాలి. స్టేట్ మెషీన్లు గీయనిస్తుంది, నడపదు. పైన చెప్పిన ప్రీచార్జ్ లోపం దానికి కనపడదు. కానీ కొండ దిగే సమస్యను ఫంక్షనల్ చెయిన్‌గా, అంటే ఒకదాని వెంట ఒకటి జరిగే పనుల వరుసగా గీసినప్పుడు "అనుమతించిన చార్జింగ్ కరెంటు" అన్న సమాచారం బ్యాటరీ నుంచి బ్రేక్ కంట్రోలర్‌కు వెళ్లే దారే లేదని చూడగానే తెలిసిపోతుంది. అది కనపడితే చాలు, సగం పని అయినట్టే. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, పై అంతస్తులోనే కనెక్టర్లు, కేబుళ్ల దాకా వెళ్లిపోవడం. అంతస్తుకు 30, 40 ఫంక్షన్లు దాటితే డయాగ్రామ్ చదివేవాళ్లు ఉండరు. అన్ని అంతస్తులూ నింపి తీరాలన్న పట్టుదల కూడా వద్దు. చిన్న ఉత్పత్తికి వ్యవస్థ అవసరాలు, భౌతిక నిర్మాణం అనే రెండూ సరిపోతాయి.

వ్యవస్థలను డయాగ్రామ్‌లుగా రాసే భాష అయిన సిస్‌ఎంఎల్ పరిస్థితి వేరు. 2007లో వచ్చిన మొదటి తరం భాష తొమ్మిది రకాల డయాగ్రామ్‌లు ఇచ్చింది, వాటిని ఏ వరుసలో వాడాలో మాత్రం చెప్పలేదు. అందుకే ఒకే కంపెనీలో రెండు టీములు రెండు రకాలుగా గీస్తాయి. దీన్ని గీసే టూళ్లలో పాపిరస్ ఉచితం, కానీ ఓపిక కావాలి. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ తక్కువ ఖర్చులో దొరుకుతుంది. కేమియో ఖరీదైనదే అయినా స్టేట్ మెషీన్లనూ పారామెట్రిక్ లెక్కలనూ నడిపి చూపించగలదు. 2025లో ఆమోదం పొందిన రెండో తరం సిస్‌ఎంఎల్ మోడల్‌ను బొమ్మతోపాటు టెక్స్ట్‌గా కూడా రాయనిస్తుంది. ఇది పెద్ద మేలు. మోడల్ మార్పును కోడ్ మార్పులాగే, మార్పులను నమోదుచేసే గిట్‌లో పక్కపక్కన పెట్టి చూడొచ్చు, కొలమానాలు భాషలోనే భాగంగా ఉంటాయి. టూళ్లు ఇంకా ముదరాల్సి ఉంది కాబట్టి వచ్చే ఏడాది కస్టమర్‌కు ఇవ్వాల్సిన పనిని దీనిమీద పెట్టమని మేం చెప్పం. చదువుకుంటున్నవాళ్లు మాత్రం మొదటి తరం జోలికి పోకుండా నేరుగా ఇదే నేర్చుకోవడం మంచిది.

కొలమానాల మాట ఊరికే అనలేదు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది ఇంటర్‌ఫేస్ దగ్గరే. నేల మీది సాఫ్ట్‌వేర్ పౌండ్ ఫోర్స్ సెకన్లలో అంకెలిస్తే, తీసుకున్నవాళ్లు న్యూటన్ సెకన్లనుకున్నారు. మీ మోడల్‌లో ప్రతి సిగ్నల్‌కూ పేరుతోపాటు కొలమానం, కనిష్ఠం, గరిష్ఠం, ఎంతకాలానికి ఒకసారి వస్తుంది, రాకపోతే ఏం చేయాలి అనే ఐదూ నింపండి. చార్జింగ్ కరెంటుకు ప్లస్ గుర్తా మైనస్ గుర్తా అన్నది కూడా అక్కడే రాయండి. బ్యాటరీ వాళ్లు లోపలికొచ్చే కరెంటును ప్లస్ అంటే, మోటారు వాళ్లు అదే కరెంటును మైనస్ అనడం చాలాచోట్ల ఉంది.

కాపెల్లానా, సిస్‌ఎంఎలా అని తేల్చుకోలేకపోతే: పద్ధతి తెలియని టీముకు కాపెల్లా, కస్టమర్ సిస్‌ఎంఎల్ ఫైలే కావాలంటే సిస్‌ఎంఎల్.

నడిచే మోడల్‌కు: సిములింక్, ఓపెన్‌మోడెలికా

సిములింక్‌లో సిగ్నల్ ఎడమ నుంచి కుడికి పారుతుంది. కంట్రోలర్ రాయడానికి ఇంతకంటే సహజమైనది లేదు. దానికి తోడుగా దొరికే స్టేట్‌ఫ్లోలో ప్రీచార్జ్, చార్జింగ్, డ్రైవింగ్, ఫాల్ట్ స్థితులు గీసి నడిపిస్తే ఏ స్థితిలో ఇరుక్కుందో కళ్లముందే వెలుగుతుంది. ఎంబెడెడ్ కోడర్ తెచ్చే సీ కోడ్ ఉత్పత్తిలో పెట్టదగ్గది. అడ్డం వచ్చేది ఖర్చు. సిములింక్, స్టేట్‌ఫ్లో, కోడర్, సిమ్‌స్కేప్ (భౌతిక భాగాల మోడలింగ్‌కు), ఫిక్స్‌డ్ పాయింట్ అన్నీ విడివిడి లైసెన్సులు. కాలేజీ లైసెన్సు, స్టూడెంట్ లైసెన్సు చదువుకే. వాటితో చేసిన మోడల్‌ను కంపెనీ ఉత్పత్తిలోకి తేవడం కుదరదు. కాలేజీ ప్రాజెక్టు నుంచి స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లు ఈ సంగతి మొదటి రోజే చూసుకోవాలి.

మోడెలికా అనే మోడలింగ్ భాషను నడిపే ఓపెన్‌మోడెలికా ఉచితం. ఇందులో కుడి ఎడమలు లేవు, సమీకరణాలే ఉంటాయి. ప్రీచార్జ్ సర్క్యూట్‌ను సర్క్యూట్‌లాగే గీస్తారు. ఏసీ కంప్రెసర్ తెచ్చి రెండు తీగలకు కలిపితే చాలు, కరెంటు ఎటు పోతుందో అదే లెక్కగట్టుకుంటుంది. మామూలు సిములింక్‌లో అయితే కొత్త లోడ్ వచ్చినప్పుడల్లా సమీకరణాలు మళ్లీ రాసుకోవాలి. సిమ్‌స్కేప్ కొంటే ఆ బాధ తప్పుతుంది. బ్యాటరీ, వేడి, మోటారు, రోడ్డు వాలు అన్నీ కలిసే మోడల్‌కు డబ్బు లేని టీము మోడెలికా వైపు రావడమే తెలివైన పని. ఫైళ్లు కూడా మామూలు టెక్స్టే.

రెండింటిలోనూ మొదటి నెలలో తగిలే దెబ్బలు దాదాపు ఇవే. సిములింక్‌లో అల్జిబ్రాయిక్ లూప్ (ఒక బ్లాక్ జవాబు అదే క్షణంలో తన ఇన్‌పుట్‌కే తిరిగి రావడం) హెచ్చరిక వస్తే అందరూ ఒక యూనిట్ డిలే బ్లాక్ వేసి నోరు మూయిస్తారు. దానితో లూప్‌లో ఒక స్టెప్ ఆలస్యం చేరుతుంది, 10 మిల్లీసెకన్ల స్టెప్‌లో నడిచే కరెంటు కంట్రోల్ ఊగడం మొదలుపెడుతుంది. ఆ డిలే అసలు హార్డ్‌వేర్‌లో ఎక్కడ ఉందో, అంటే సెన్సార్ దగ్గరా, క్యాన్ దగ్గరా చూసి అక్కడే పెట్టాలి. భౌతిక భాగానికి వేరియబుల్ స్టెప్, కోడ్ తీయాల్సిన కంట్రోలర్‌కు ఫిక్స్‌డ్ స్టెప్ కావాలి కాబట్టి రెండూ మొదటినుంచే వేర్వేరు మోడల్ ఫైళ్లుగా ఉంచండి. స్టేట్‌ఫ్లోలో ఒకే స్థితి నుంచి రెండు దారులు ఒకేసారి తెరుచుకుంటే ఏది ముందు అన్నది వరుస సంఖ్య నిర్ణయిస్తుంది. ఫాల్ట్‌కు పోయే దారికి ఎప్పుడూ 1 ఇవ్వండి.

మోడెలికాలో తలనొప్పి వేరే రకం. సమీకరణాల సంఖ్య, తెలియని విలువల సంఖ్య సమానం కాకపోతే మోడల్ కదలదు. మామూలుగా ఒక ఇన్‌పుట్ కనెక్టర్‌ను గాలిలో వదిలేయడం కారణం. గ్రౌండ్ కలపడం మర్చిపోతే సంఖ్యలు సరిపోయినా మోడల్ నడవకపోవచ్చు. ప్రారంభ విలువలు సరిగ్గా ఇవ్వకపోతే మొదటి క్షణంలోనే ఆగిపోవచ్చు. చార్జింగ్ పరిమితిని "3.65 వోల్టులు దాటితే సున్నా" అని ఒకే గీతగా రాస్తే ఆ గీత దగ్గర ఆన్, ఆఫ్ అవుతూ సిమ్యులేషన్ నత్తలా పాకుతుంది. నిజమైన బ్యాటరీ కంట్రోలర్‌లో కూడా అదే జరుగుతుంది. 3.55 దగ్గర తగ్గించడం మొదలుపెట్టి 3.65కు సున్నా చేయండి, మళ్లీ పెంచడానికి వేరే హద్దు పెట్టండి. టూల్ మొరాయించిన ప్రతిసారీ దానిమీద కోపం తెచ్చుకోకుండా ఇలా అసలు డిజైన్‌ను కూడా ఓసారి చూడండి.

రెండూ వాడాల్సి వస్తే, టూళ్ల మధ్య మోడళ్లు మార్చుకోవడానికి ఎఫ్‌ఎంఐ అనే ప్రమాణం ఉంది. మోడెలికా నుంచి బ్యాటరీని ఎఫ్‌ఎంయూ ఫైలుగా తీసి సిములింక్‌లోకి దింపొచ్చు. ఇద్దరూ ఎఫ్‌ఎంఐ 2.0 వాడుతున్నారా, ఫైలు విండోస్‌దా లినక్స్‌దా అన్నవి ముందే చూసుకుంటే ఒక రోజు మిగులుతుంది.

సమయానికీ, భద్రతకూ

మూడో ప్రశ్నకు, అంటే సమయానికి, ఏఏడీఎల్ అనే మోడలింగ్ భాష ఉంది. థ్రెడ్లు, వాటి పీరియడ్లు, ఏ ప్రాసెసర్ మీద నడుస్తాయి, ఏ బస్ మీద పోతాయి అని రాస్తే ఉచితంగా దొరికే ఓసేట్ టూల్ మొదటి నుంచి చివరి వరకు అయ్యే గరిష్ఠ ఆలస్యాన్ని లెక్కగట్టి ఇస్తుంది. రెండు మూడు కంట్రోలర్లకు మించకపోతే ఎక్సెల్‌లో కూడటం చాలు. ఐదు దాటితే ఏఏడీఎల్ నేర్చుకోవడానికి పెట్టిన సమయం గిట్టుబాటవుతుంది.

విమానరంగానికి పనిచేసేవాళ్లు స్కేడ్ అనే టూల్ వైపు చూడాలి. దాని కోడ్ జనరేటర్ విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన డీఓ 178సీ కింద అర్హత పొందింది, ఆ మేరకు కోడ్ సమీక్ష తగ్గుతుంది. పెద్ద కార్ల కంపెనీకి కంట్రోలర్ సరఫరా చేసేవాళ్లకు ఆటోసార్ (కార్ల సాఫ్ట్‌వేర్ అమరికకు ఉమ్మడి ప్రమాణం) వాడమని ఆ కంపెనీయే నిర్దేశిస్తుంది, ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. సొంత చిన్న భాష తయారుచేసుకునే ఈఎంఎఫ్, ఎక్స్‌టెక్స్ట్ దారి ఒకే రకం ఉత్పత్తిని ఇరవై రూపాల్లో అమ్మే కంపెనీకి మాత్రమే లాభం.

కోడ్ తీయాలా, చేత్తో రాయాలా

స్టేట్ మెషీన్, క్యాన్ సందేశాల ప్యాకింగ్, కాలిబ్రేషన్ పట్టికలు: ఇవి మోడల్ నుంచి తీయడం ఎప్పుడూ మేలు. మనిషి చేత్తో రాస్తే బిట్ స్థానం తప్పే పని ఇది. డ్రైవర్లు, బూట్‌లోడర్, ఇంటరప్ట్ కోడ్ చేత్తోనే రాయండి. పొరపాటు జరిగేది మధ్యలో. గడువు దగ్గరపడి, తీసిన కోడ్‌లోనే ఎవరో రెండు లైన్లు మారుస్తారు. తర్వాతి సారి కోడ్ తీసినప్పుడు ఆ దిద్దుబాటు ఎగిరిపోతుంది, పాత లోపం ఫీల్డ్‌లో మళ్లీ కనిపిస్తుంది. తీసిన ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో పెట్టి, బిల్డ్ చేసిన ప్రతిసారీ కొత్తగా తీసేలా సర్వర్‌లో అమర్చండి. అప్పుడు చేత్తో దిద్దినా నిలవదని అందరికీ తెలుస్తుంది.

మన దేశపు వాహన భద్రతా ప్రమాణాల్లో బస్సుల బ్యాటరీకి ఏఐఎస్ 038 రెండో సవరణ, రెండు మూడు చక్రాల బండ్లకు ఏఐఎస్ 156 వర్తిస్తాయి. మోడల్ చూపించి ఈ పరీక్షలు తప్పించుకోలేరు. కానీ ఏ అవసరాన్ని ఏ భాగం తీరుస్తుంది, ఏ పరీక్ష దాన్ని రుజువు చేస్తుంది అన్న జాడ మోడల్‌లో ఉంటే పత్రాల పని చాలా తేలికవుతుంది. వాహన ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 అడిగేచోట మోడల్‌కు ఇచ్చిన ఇన్‌పుట్లే కోడ్‌కూ ఇచ్చి రెండు జవాబులూ పోల్చే పరీక్ష చేర్చండి. ఫిక్స్‌డ్ పాయింట్ ఓవర్‌ఫ్లోలు, అంటే అంకె తనకిచ్చిన చోటులో పట్టకపోవడాలు, బయటపడేది అక్కడే.

మోడల్ అక్కర్లేనిచోట

పాల కేంద్రంలో పాలను 4 డిగ్రీలకు దించే కూలర్ కంట్రోలర్ తీసుకోండి. ఒక బోర్డు, ఒక కంప్రెసర్, ఒక స్టిరర్, ఆరు స్థితులు, రాసేది ఒక్కరు. దీనికి స్టేట్ పట్టిక కాగితం మీద రాసి, సీలో దించి, ప్రతి గడికీ ఒక పరీక్ష రాస్తే చాలు. మోడలింగ్ టూల్ తెస్తే పని రెట్టింపవుతుంది. రెండు టీములు, రెండు రకాల విజ్ఞానం, లేదా మూడుకు మించి కంట్రోలర్లు కలిసేచోట నుంచే మోడల్ తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది.

మరి ఎవరికి ఏది?

నలుగురైదుగురున్న కాలేజీ టీముకు ఓపెన్‌మోడెలికా, దానికి తోడు కాపెల్లాలో రెండు అంతస్తులు. కంట్రోలర్ బోర్డులే చేసి అమ్మే చిన్న కంపెనీకి డబ్బుంటే సిములింక్, స్టేట్‌ఫ్లో, కోడర్. లేకపోతే మోడెలికాలో బ్యాటరీ నడిపి, అందులోంచి వచ్చిన అంకెలను చేత్తో రాసిన సీ కోడ్‌కు పరీక్షలుగా ఇవ్వడం. బ్యాటరీ, మోటారు, వాహన కంట్రోలర్ మూడూ కలిపే కంపెనీకి కాపెల్లా, సిములింక్ రెండూ కావాలి, మధ్యలో సిగ్నల్ పట్టిక ఒక్కటే ఉండాలి. ఆ పట్టిక కాపెల్లాలో పుట్టి, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో క్యాన్ డీబీసీ ఫైలుగా (క్యాన్ సందేశాల వివరాలుండే ఫైలు) మారాలి. రెండుచోట్ల చేత్తో రాస్తే నెల తిరక్కుండానే రెండూ వేరవుతాయి.

గిట్ విషయంలో ఒక్క జాగ్రత్త. సిములింక్ ఎస్‌ఎల్‌ఎక్స్ ఫైలు జిప్ మూట, కాపెల్లా ఫైళ్లు పొడవాటి ఎక్స్‌ఎంఎల్, పాపిరస్‌లో ఒక్క మోడల్‌కు మూడు ఫైళ్లు. ఇద్దరు ఒకే డయాగ్రామ్ మార్చి గిట్‌తో కలిపేస్తే మోడల్ తెరుచుకోకపోవచ్చు. మోడల్‌ను భాగాలుగా విడగొట్టి, భాగానికి ఒక్కరినే బాధ్యులను చేయండి.

కొనేముందు రెండు వారాల పరీక్ష

మీ ఉత్పత్తిలోంచి సన్నని ముక్క ఒకటి తీసుకోండి. ప్రీచార్జ్ మంచి ముక్క, 20 నుంచి 30 అంశాలకు మించదు. మొదటి రోజు ఐదు ప్రశ్నలు రాయండి, ప్రతిదానికీ ఏ అంకె వస్తే ఒప్పు, ఏది వస్తే తప్పు అని కూడా రాయండి. నాలుగు రోజుల్లో రెండు టూళ్లలోనూ ముక్క కట్టండి. ఆరో రోజున మీకు ముందే తెలిసిన లోపం ఒకటి కావాలని పెట్టండి, ఏసీ లోడ్ ఆన్‌లో ఉండటం లాంటిది. టూల్ దాన్ని తనంతట పట్టిందా, మీరు వెతికితే దొరికిందా, అసలు దొరకలేదా రాసుకోండి.

ఎనిమిదో రోజు మార్పు పరీక్ష. సెల్స్ 180 నుంచి 192కు పెరిగాయని చెప్పండి. వోల్టేజి 614కు పోతుంది, ప్రీచార్జ్ శక్తి 166 జౌళ్ల నుంచి 189కి పెరుగుతుంది, ఇన్సులేషన్ పరిమితి, సందేశాల పొడవు, ఓవర్‌వోల్టేజి హద్దు అన్నీ కదులుతాయి. ఆ సంఖ్యను ఎన్నిచోట్ల చేత్తో మార్చాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే మోడల్ బాగా కట్టినట్టు. ఆరు దాటితే అది బొమ్మల ఆల్బమ్.

ఈ మార్పును మోడల్ కట్టినవాళ్లకు ఇవ్వొద్దు, పక్క బల్ల మీద ఉన్న రెండోవాళ్లకు ఇవ్వండి. వాళ్లు అరపూటలో చేయగలిగితే లైసెన్సు కొనండి. చేయలేకపోతే పేర్లు, అంతస్తులు, ఫైళ్ల విభజన సరిచేసి, ముక్కను ఇంకా చిన్నది చేసి, మరో వారం అదే పరీక్ష పెట్టండి.